చార్జింగ్ కాపలా

"కాస్త దాన్ని చూస్తూ ఉండమ్మా" అని చెప్పి నాన్న లోపలి గదిలోకి వెళ్ళి పడుకున్నాడు. రోజూ మధ్యాహ్నం ఆయన అనే మాట ఇదే. నేను ప్లాస్టిక్ స్టూలు లాక్కుని నడవలో స్కూటర్ బ్యాటరీ పక్కన కూర్చున్నాను. అది నల్లటి పెట్టె. పైన పట్టుకోవడానికి పిడి ఉంటుంది, ఊరెళ్ళేవాళ్ళ చేతిలో చిన్న సూట్‌కేసులా. దాని పక్కన చార్జరు, ఆ చార్జరులో చిన్న ఫ్యాను. ఫ్యాను తిరిగినంతసేపూ ఎవరో పళ్ళ సందుల్లోంచి ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. మధ్యమధ్యలో బ్యాటరీ మీద చెయ్యి పెట్టి చూడాలి. అరచెయ్యి కాదు, చేతి వెనక వైపు. మాకు జ్వరం వచ్చినప్పుడు అమ్మ మెడ కింద ఆనించి చూస్తుందే, అలా. నాకు ఈ పని నేర్పింది అమ్మే. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు, చురుక్కుమంటే ప్లగ్గు తీసెయ్యాలి అని చెప్పింది. అమ్మకి ఎవరు నేర్పారో తెలియదు. ఎవరూ నేర్పి ఉండరు. ఇంట్లో వేడివాటిని ముట్టుకునే పనులన్నీ ఆమెవే కాబట్టి ఆమెకే తెలిసి ఉంటుంది.

అసలు మా ఇంట్లో చార్జింగ్ అన్నది మొదటినుంచీ అమ్మ పనే. ఎవరు అప్పజెప్పారో గుర్తులేదు. గిన్నెలూ బట్టలూ ఎలా ఆమె వాటాకి వచ్చాయో ఫోన్లూ అలాగే వచ్చాయి. నాన్న గడప దాటుతూనే ఫోను తీసి అమ్మ చేతిలో పెడతాడు. అన్నయ్యకి ఆ ఓపిక కూడా ఉండదు, మంచం మీద నుంచే "అమ్మా, నా ఫోను చచ్చిపోతోంది" అని కేకేస్తాడు, అదేదో అమ్మే చంపుతున్నట్టు. నానమ్మ పాటల డబ్బా, ఆమె టార్చిలైటు, అన్నయ్య చెవుల్లో పెట్టుకునే గింజలు, అన్నీ వంటింటి గట్టు మీదికి చేరతాయి. ఒకటి నిండగానే తీసి ఇంకోటి పెడుతుంది అమ్మ, పాలగిన్నె దించి కూరగిన్నె ఎక్కించినట్టు. పరుపు మీద పెట్టి చార్జింగ్ చెయ్యకండి, దిండు కింద పెట్టకండి, వైరు చిట్లితే పారెయ్యండి అని రోజూ చెప్తుంది. "నువ్వు కరెంటాఫీసులో ఉండాల్సిన మనిషివమ్మా, మా ఖర్మకొద్దీ ఇక్కడ పడ్డావు" అంటాడు అన్నయ్య. ఓసారి వాడి దిండు గలీబు మీద ఫోనంత మేర గోధుమరంగు మచ్చ పడింది. ఆ రోజు నాన్న తిట్టింది అన్నయ్యని కాదు. ఇంట్లో ఉండి ఆ మాత్రం చూసుకోవద్దా అని అమ్మని తిట్టాడు.

ఇంతమంది ఫోన్లకీ చోటు దొరికిన బోర్డులో అమ్మ ఫోనుకి దొరికేది కాదు. ఎప్పుడు చూసినా ఎర్ర గీత మీద ఉండేది. అమ్మ పొద్దున్నించి సాయంత్రం దాకా ఇస్త్రీ షాపులో చొక్కాలు ఇస్త్రీ చేస్తుంది. అక్కడ గోడకి ఖాళీ ప్లగ్గు కనిపిస్తే కొన్నాళ్ళు ఫోను అందులో పెట్టుకుంది. ఒకరోజు ఓనరు అది చూసి, "ఏమ్మా, మీ ఇంట్లో కరెంటు తీసేశారా ఏంటి" అన్నాడట, బట్టలు ఇవ్వడానికొచ్చిన వాళ్ళందరూ వింటుండగా. అమ్మ ఇంటికొచ్చి ఆ మాట నవ్వుతూ చెప్పింది. నాన్నా నవ్వాడు. అది నవ్వాల్సిన విషయమే అన్నట్టు నేనూ నవ్వాను. ఆ తర్వాత అమ్మ ఫోను చాలాసార్లు ఆగిపోయే ఉండేది. ఎప్పుడు చేసినా స్విచాఫ్, ఇక నీకు ఫోనెందుకు అని నాన్న విసుక్కునేవాడు.

ఇవన్నీ చిన్న విషయాలు. వెనక వీధిలో ఇల్లు కాలేదాకా మేమెవరం వీటిని విషయాలు అనుకోలేదు.

ఆ ఇంటివాళ్ళు కూడా మాలాగే ఎలక్ట్రిక్ స్కూటర్ కొనుక్కున్నారు. బ్యాటరీని హాల్లో చార్జింగ్ పెట్టి, తలుపు తాళం వేసుకుని ఎక్కడికో వెళ్ళారు. వచ్చేసరికి తలుపు లేదు. లోపల ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. నేను బడికి పోతూ ఆ ఇంటిముందు ఆగాను. ఫ్యాను రెక్కలు మల్లెతీగ ఎండిపోయినట్టు కిందికి వేలాడుతున్నాయి. మంటలు ఆర్పడానికి వచ్చినాయన వీధిలో వాళ్ళందరినీ పోగేసి, చూశారుగా అని మొదలుపెట్టి అయిదు మాటలు చెప్పాడు. దానితో వచ్చిన చార్జరే వాడండి. బయటికి పోయే దారిలో పెట్టకండి. చుట్టుపక్కల బట్టలూ కాగితాలూ ఉంచకండి. ఉబ్బినా, కిందపడినా ఇక దాన్ని చార్జింగ్ చెయ్యకండి. చార్జింగ్ పెట్టి వదిలేసి పోకండి. అమ్మ నా పక్కనే నిలబడి ఆయన ఒక్కో మాట చెప్తుంటే తల ఊపింది. ఇన్నాళ్ళూ తను చెప్పిన మాటలే ఇంకొకరి నోట్లోంచి వస్తుంటే ఆమె ముఖం ఒక్క క్షణం వెలిగింది. నాన్న కూడా విన్నాడు కదా అన్నట్టు అటు చూసింది.

నాన్న విన్నాడు. అయితే ఆ అయిదింటిలోనూ ఆయనకి వీలుగా కనిపించింది చివరిదొక్కటే. మా చార్జరు ఎప్పుడో కాలిపోయింది. ఇప్పుడున్నది నాన్నతో పాటు పార్సిళ్ళు పంచే ఒకాయన ఇచ్చిన పాతది, పిన్ను సరిపోయింది చాలని వాడుతున్నాడు. ఇంట్లో అంత లోడు తట్టుకునే సాకెట్టు నడవలో వీధి తలుపు పక్కన ఒక్కటే ఉంది, వేరేచోట పెడితే వైరు వాసన వస్తుంది. కొత్త చార్జరు కొనాలంటే డబ్బు, సాకెట్టు మార్చాలంటే ఎలక్ట్రీషియను, డబ్బు. వదిలేసి పోకుండా ఉండటానికి మాత్రం ఏమీ కొనక్కర్లేదు. ఒక మనిషి కూర్చుంటే చాలు.

"ఇకనుంచి చార్జింగ్ అయినంతసేపూ ఎవరో ఒకరు దాని పక్కన ఉండాల్సిందే" అన్నాడు నాన్న, చాలా బాధ్యత తెలిసిన మనిషిలా. ఎవరో ఒకరు అంటే ఎవరో ఆయన చెప్పలేదు. మేమూ అడగలేదు.

నాన్న పొద్దున ఒక విడత పార్సిళ్ళు ఇచ్చి, మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తిని పడుకుంటాడు. ఆ నిద్రలోనే బ్యాటరీ నిండాలి, సాయంత్రం మళ్ళీ బయల్దేరాలి. కాబట్టి అమ్మ షాపులో అడిగి మధ్యాహ్నానికి ఇంటికి రావడం మొదలుపెట్టింది. వీధి తలుపు పక్కన బ్యాటరీని దించగానే నానమ్మ "అల్లుడుగారు దయచేశారా" అనేది. ఆ పేరే దానికి స్థిరపడిపోయింది. నిజమే, కొత్తల్లుడిలాగే అది మధ్యాహ్నం పూట వస్తుంది, ఇంట్లో మంచి చోటు దానిదే, ఒంటరిగా వదలకూడదు, ఒళ్ళు వెచ్చబడితే ఇంటిల్లిపాదీ కంగారు పడాలి. అందరం నవ్వుకున్నాం. అమ్మ కూడా నవ్వింది. ఒకరోజు మాత్రం నడుం పట్టేసిందని, కాసేపు అన్నయ్యని కూర్చోమంది. "కూర్చోవడం కూడా ఒక పనేనా?" అన్నాడు నాన్న. కోపంగా అనలేదు, నిజంగా తెలియక అడిగినట్టు అన్నాడు. నానమ్మ గది లోపలి నుంచి అందుకుంది. "మేం పొయ్యిలో నిప్పు ఆరిపోకుండా కూర్చున్నాం, మీరు నిప్పు అంటుకోకుండా కూర్చోండి. ఎవరి కాలం వాళ్ళది."

అన్నయ్య కూర్చున్నాడు. అమ్మ లేచొచ్చేసరికి వాడు చెవుల్లో గింజలు పెట్టుకుని, వీపు బ్యాటరీకి ఆనించి ఆటాడుకుంటున్నాడు. వాడికి అలాంటి ధ్యాస ఉండదులే అని నాన్న తేల్చేశాడు. ఆ తర్వాత వాణ్ణి ఎవరూ కూర్చోమనలేదు. ధ్యాస లేకపోవడం ఇంత పనికొచ్చే గుణమని నాకు అప్పుడే తెలిసింది. నాకు ధ్యాస ఎక్కువ. చిన్నప్పటినుంచీ ఏ గిన్నె పొంగుతోందో, ఏ కుళాయి కారుతోందో నాకే ముందు వినిపిస్తుంది. పిల్ల భలే జాగ్రత్తమంతురాలు అని అందరూ మెచ్చుకుంటారు. మెచ్చుకున్న ప్రతిసారీ నా మీద ఇంకో పని పడుతుంది.

ఇస్త్రీ షాపు ఓనరు కొన్నాళ్ళు ఓపిక పట్టాడు. తర్వాత, వస్తే రోజంతా రా, లేకపోతే అసలు రావద్దన్నాడు. అమ్మ జీతం లేకపోతే ఇల్లు గడవదని నాన్నకీ తెలుసు. ఆ సాయంత్రం ఆయన నా వైపు చూసి, మధ్యాహ్నం బడిలో ఏం చెప్తారమ్మా అని అడిగాడు. లెక్కలు, సైన్సు అని చెప్పాలి. నేను మాట కూడదీసుకునేలోపే అన్నయ్య, "దాన్ని అడిగితే ఏం చెప్తుంది నాన్నా, అది పుట్టడమే సైలెంట్ మోడ్‌లో పుట్టింది" అన్నాడు. నాన్న నవ్వి, కొన్నాళ్ళే కదా అన్నాడు. మర్నాటి నుంచి అన్నం గంట కొట్టగానే నేను సంచి సర్దుకుని ఇంటికి రావడం మొదలుపెట్టాను.

ముందు నేను దాన్ని అంత కష్టమనుకోలేదు. స్టూలు మీద కూర్చుని చదువుకోవచ్చు కదా అనుకున్నాను. మొదటిరోజే పుస్తకాలు తీసి బ్యాటరీ పక్కన పెట్టుకున్నాను. నాన్న లోపలికి పోబోతూ చూసి గబగబా వచ్చి వాటిని తీసేశాడు. "కాగితాలు ఇక్కడ పెడతారా ఎవరైనా? అంటుకుంటే?" అన్నాడు. పుస్తకాలు జాగ్రత్తగా తీసుకెళ్ళి అల్మారాలో పెట్టి, నన్ను అక్కడే కూర్చోబెట్టి, వెళ్ళి పడుకున్నాడు.

దాంతో ఊరికే కూర్చోవడమే. ఊరికే కూర్చోవడం ఎంత బరువో కూర్చుంటే గానీ తెలియదు. పని చేస్తుంటే పని అవుతుంది. ఇది ఏమీ కాదు. సాయంత్రానికి ఏమీ జరగకపోవడమే నేను చేసిన పని. కాబట్టి నేనేం చేశానో ఎవరికీ కనిపించదు, నాకూ కనిపించదు. వీధిలో పిల్లలు బడి నుంచి వస్తూ ఏవో సూత్రాలు వల్లించుకుంటూ పోయేవాళ్ళు. సగం మాట వినిపించేది, మిగతా సగం మలుపు తిరిగిపోయేది. చార్జరు ఫ్యాను చప్పుడు నిద్రలోనూ వినిపించడం మొదలైంది. అమ్మ ఇన్నేళ్ళుగా అన్నం దగ్గరా, పాల దగ్గరా, నానమ్మ మందుల దగ్గరా ఇలాగే కూర్చుంది కదా, ఏమీ జరగకుండా చూడటమే ఆమె బతుకంతా చేసిన పని కదా, దాన్ని మేమెవరం ఒక్కసారైనా పని అనలేదు కదా అని నాకు ఆ స్టూలు మీదే తోచింది. తోచి ఏం లాభం. చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉంది.

బడిలో లెక్కల టీచరు రెండు మూడుసార్లు అడిగింది, మధ్యాహ్నాలు ఎక్కడికి పోతున్నావని. బ్యాటరీకి కాపలా ఉంటున్నానని క్లాసంతా వింటుండగా ఎలా చెప్పను? కడుపునొప్పి అన్నాను. టీచరు గొంతు తగ్గించి, ఇన్నిరోజులు ఉండకూడదమ్మా, డాక్టరుకి చూపించమని చెప్పు అంది. నేను తలూపాను. చివరికి ఒకరోజు ఆమె నన్ను వరండాలోకి పిలిచింది. "నీ హాజరు చాలా తగ్గిపోయింది. ఈ నెల మధ్యాహ్నాలు కూడా పోతే ఈసారి పెద్ద పరీక్ష రాయనివ్వరు. అది నా చేతిలో ఉండదు. వచ్చే ఏడాది మళ్ళీ ఇదే క్లాసులో కూర్చుంటావా?" అంది. వచ్చే ఏడాది నన్ను ఏ క్లాసులోనూ కూర్చోనివ్వరని నాకు తెలుసు. పరీక్ష తప్పిన ఆడపిల్లని మళ్ళీ బడికి పంపినవాళ్ళు మా వీధిలో లేరు. స్టూలు మాత్రం ఉంటుంది. అది చెబుదామని నోరు తెరిచాను. చివరికి "సరే టీచర్" అన్నాను.

టీచరు అంతటితో వదల్లేదు. అమ్మకి ఫోను చేసింది, స్విచాఫ్ వచ్చింది. నాన్నకి చేసింది. నాన్న అప్పుడే అన్నం తిని లేస్తున్నాడు. "తప్పకుండా మేడమ్, ఆడపిల్ల చదువు ముఖ్యం కదండీ, తప్పకుండా పంపిస్తాను" అన్నాడు, నిలబడి మరీ మాట్లాడాడు. ఆయన అబద్ధం చెప్తున్నట్టు లేదు, నాకు ఒక్క క్షణం గుండె తేలికపడింది. ఫోను పెట్టేసి, మన ఇంటి సంగతి ఆవిడకేం తెలుస్తుందిలే అని, "కాస్త చూస్తూ ఉండమ్మా" అని వెళ్ళి పడుకున్నాడు.

ఆ వారంలోనే నేను గమనించాను, బ్యాటరీ పక్కగోడ ఉబ్బింది. చూస్తే తెలియదు, చెయ్యి పెడితే తెలుస్తుంది. రోజూ చెయ్యి పెట్టేదాన్ని నేనే కాబట్టి నాకు తెలిసింది. ఇదివరకు స్కూటర్ సీటు కింద దాని గూటిలోకి జారినట్టు దిగేది, ఇప్పుడు నాన్న మోకాలితో తొయ్యాల్సి వస్తోంది. మర్నాడు ఆయన నిద్ర లేచి వచ్చేదాకా మాట మనసులో పదిసార్లు తిప్పుకుని, "నాన్నా, ఇది ఉబ్బింది" అన్నాను. నాన్న వంగి అటూ ఇటూ చూసి, "నాకేం కనిపించట్లేదే. తిండి ఎక్కువై ఉంటుంది, అల్లుడుగారు కదా" అన్నాడు. ఉబ్బితే చార్జింగ్ చెయ్యకూడదన్నారు అని గుర్తు చేశాను. "కొత్త బ్యాటరీ ఎంతో తెలుసా నీకు?" అన్నాడు. నవ్వడం ఆపేసి అన్నాడు. అన్నయ్యకి చదువు కోసమని కొత్త ఫోను కొని ఇంకా నెల కాలేదు. ఆ సంగతి నా నోటిదాకా వచ్చి అక్కడే ఆగింది. "నువ్వు చూస్తూనే ఉన్నావుగా, ఇంక భయమేంటి?" అన్నాడు నాన్న.

"చూస్తూ ఉంటే... మంట వస్తే నేనేం చెయ్యాలి నాన్నా?"

ఇన్నాళ్ళూ ఎవరూ అడగని ప్రశ్న అది. నేను కూడా అప్పుడే మొదటిసారి విన్నాను. నాన్న స్కూటర్ తాళంచెవి కోసం జేబులు తడుముకుంటూ, "పిలువు" అన్నాడు.

ఎవర్ని అని నేను అడగలేదు. అన్నయ్య ఆ వేళకి ఇంటిపట్టున ఉండడు. ఇంట్లో ఉండేది లోపలి గదిలో నిద్రపోయే ఆయన, మోకాళ్ళు సహకరించని నానమ్మ. బయటికి పోవడానికి ఉన్నది ఒక్క తలుపే. ఆ తలుపు పక్కనే బ్యాటరీ.

తర్వాత ఒకరోజు ఓనరు బంధువెవరో పోయారని ఇస్త్రీ షాపు మధ్యాహ్నమే మూసేశారు. అమ్మ అనుకోకుండా ఇంటికొచ్చింది. తలుపు తీసి, చెప్పులు విడవబోతూ ఆగిపోయింది. తలుపు దగ్గర తను, ఆ తర్వాత బ్యాటరీ, ఆ వెనక గోడ మూలన నేను. స్టూలు పట్టేది ఆ మూలనే కాబట్టి నేను ఎప్పుడూ అక్కడే కూర్చుంటాను. తనూ అక్కడే కూర్చునేది. తను కూర్చున్నప్పుడు ఆమెకి అది కనిపించలేదు. నేను కూర్చుంటే కనిపించింది. అమ్మ నన్ను లేవమని సైగ చేసింది. స్టూలు తీసుకొచ్చి గడపకి ఇవతల, సగం వీధిలోకి వచ్చేలా వేసింది. అక్కడ ఎండ పడుతుంది, దారినపోయేవాళ్ళ కాళ్ళు తగులుతాయి. "ఇకనుంచి ఇక్కడే కూర్చో" అంది.

అలాగే అన్నాను. అమ్మ నా పక్కన గడప మీద కూర్చుంది. ఇస్త్రీ ఆవిరికి ఆమె ముంజేతులు ఎర్రగా కమిలి ఉన్నాయి. లోపల నాన్న గురక వినిపిస్తోంది. అమ్మ కాసేపు ఆ గురక వింది. తర్వాత నా వైపు చూడకుండా, కూరగాయలేం తేవాలో చెప్పినంత మామూలుగా చెప్పింది.

"దానిలోంచి పొగ వస్తే నువ్వు ఎవర్నీ పిలవొద్దు. లోపలికి పోవద్దు. వీధిలోకి పరిగెత్తు."

"నాన్న? నానమ్మ?"

"నేను చెప్పింది వినపడిందా లేదా?"

వినపడిందన్నాను. నాకు భయమేసింది. అమ్మ చెడ్డమాట చెప్పినందుకు కాదు. అమ్మ చేతిలో ఉన్నది అదొక్కటే అని అర్థమైనందుకు. బ్యాటరీని బయట పారెయ్యలేదు, చార్జరు మార్చలేదు, నన్ను బడికి పంపలేదు, నాన్నని లేపి అడగలేదు. ఇన్నేళ్ళ కాపురంలో, ఇంత పనిలో, ఆమెకి సాధ్యమైంది స్టూలుని అంత దూరం జరపడం. అందరికీ అన్నీ చూసే మనిషి, ముగ్గురిలో ఒక్కరినే బయటికి లాగగలనని లెక్క వేసుకుని, ఆ ఒక్కరు ఎవరో తేల్చుకుని చెప్పింది. అప్పుడు నేను అమ్మకి టీచరన్న మాట చెప్పాను. హాజరు గురించి, పరీక్ష గురించి, నాన్న ఫోనులో అన్నదాని గురించి. అమ్మ నాకేసి చూసింది. "ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అంది. ఎప్పుడు చెప్పను? ఆమె వచ్చేసరికి ఫోన్లు వరసలో ఉంటాయి.

ఆ సాయంత్రం నాన్న బయల్దేరబోతుంటే నేను గోడ పట్టుకుని నిలబడి, నా గొంతే అని నాకే నమ్మకం లేని గొంతుతో, "నాన్నా, నేను రేపటి నుంచి మధ్యాహ్నం కూడా బడికి వెళ్తాను" అన్నాను. అన్నయ్య చెవిలోంచి గింజ తీసి మరీ నా వైపు చూశాడు. నాన్న కేకలేస్తాడనుకున్నాను. ఆయన అరిచినా, కొట్టినా బాగుండేది. ఎదురు నిలబడటానికి ఏదో ఒకటి ఉండేది.

"సరే వెళ్ళు" అన్నాడు నాన్న తేలిగ్గా. "దానికంత ముఖం ముడుచుకోవడం ఎందుకు? మీ అమ్మ ఉంటుంది. ఎవరున్నా ఒకటే."

నేను అమ్మ వైపు చూశాను. నేను కాదన్నది తన మీద పడుతుందని ఆమెకి ముందే తెలుసు. నాకూ తెలుసు. తెలియనట్టు ఇద్దరం ఒక్క క్షణం ఒకరినొకరు చూసుకున్నాం. "షాపు?" అన్నాను. అమ్మ నాన్న ఫోను అడిగి తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఓనరుకి ఏం చెప్పిందో వినపడలేదు. ఆమె మాట్లాడింది తక్కువ, విన్నది ఎక్కువ. "అలాగేనండి, సరేనండి, ఇప్పటిదాకా చేసిన రోజులకి లెక్క చూసి ఇవ్వండి" అనడం మాత్రం వినిపించింది. బయటికొచ్చి నాన్నకి ఫోను ఇవ్వబోతూ దాని వైపు చూసింది.

"చార్జింగ్ తక్కువుంది. కాసేపు పెట్టనా?" అని అడిగింది.

మర్నాడు బడిలో అన్నం గంట కొట్టాక నేను ఇంటికొచ్చి తిని, మళ్ళీ బయల్దేరాను. నాన్న బ్యాటరీ దించి, పిన్ను గుచ్చి, ఫ్యాను తిరుగుతోందో లేదో చూసి చేతులు దులుపుకున్నాడు. అమ్మ వచ్చి గడప ఇవతల స్టూలు మీద కూర్చుంది. ఒంటి మీద షాపుకి వేసుకెళ్ళే చీరే ఉంది, పొద్దున అలవాటుగా కట్టేసుకుని ఉంటుంది. ఎండ కళ్ళల్లో పడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెరుగు తోడు పెట్టాను, సాయంత్రం వచ్చి తిను అంది. నేను సంచి భుజాన వేసుకున్నాను. లెక్కల పుస్తకం, సైన్సు పుస్తకం, రెండూ ఉన్నాయి. ఇంతకాలం అల్మారాలో భద్రంగా ఉన్నాయి, ఒక్క మూల కూడా నలగలేదు.

నేను వైరు దాటబోతుంటే వెనకనుంచి నాన్న "జాగ్రత్తమ్మా" అన్నాడు. ఆ గొంతులో ప్రేమ ఉంది. నేను ఆగి తిరిగి చూశాను.

"వైరుకి కాలు తగిలితే పిన్ను ఊడొస్తుంది" అన్నాడు.

తగలకుండానే దాటాను. పరుగెత్తితే రెండో గంటకి అందుకోవచ్చు. నేను బడికి వెళ్ళడమంటే అమ్మని అక్కడ కూర్చోబెట్టి వెళ్ళడమని నాకు తెలుసు. తెలిసే వెళ్ళాను.